దాతల పట్టిక



అనాథ బాలల హాస్టలు చందాల లెక్కను కంప్యూటరుకు ఎక్కించినప్పుడు దాత పేరు, చందా ఒకే వరుసలో వ్రాశాను. అది నా పొరపాటు. ప్రతిసారీ పేరు కొత్తగా వ్రాయడంతో ఒకే తల్లి మూడు పేర్లతో చేరింది. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత ఒకచోటే కొట్టివేశాము. తక్కిన రెండు పేర్లకు చందా కోరుతూ ఉత్తరాలు వెళ్ళాయి. ఆమె కుమారుడు వాటిని తెచ్చి నా బల్లమీద పెట్టి, మాటాడక వెళ్ళిపోయాడు.

కనుక దాతలకొక పట్టిక, చందాలకు వేరొకటి ఉండాలి. మనలో మేరమ్మలు ఎందరో, పేరునుబట్టి గుర్తించరాదు. దాతకొక నంబరిచ్చి, ప్రతి చందా ప్రక్కన ఆ నంబరు, తేదీ, రశీదు, ఏ పనికిచ్చారో వ్రాయాలి. విదేశీ విరాళాలు వేరుగా చూపాలి. 2020 సవరణ తరువాత అవి ఢిల్లీ స్టేటు బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. గతించినవారి వరుస చెరపవద్దు, వారిచ్చినది లెక్కలో ఉండాలి. ‘ఉత్తరము పంపరాదు’ అనే గడి ఒకటి చాలు.