ఆకాశమును గూర్చి 'ఉండవచ్చును' అనుట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమున సాయంకాలము పత్రికలు చదువు పిల్లలు ఈ నడుమ తరచుగా నొక ప్రశ్న వేయుచున్నారు. "అయ్యా, వేరే గ్రహముల మీద జీవులున్నారట, నిజమేనా?" అని. వారు చదివిన తెలుగు వార్తకు పైన 'జీవమున్నది' అని పెద్ద అక్షరములతో నుండును. దానికి మూలమైన ఆంగ్ల వార్తను తీసి చూచినచో 'ఉన్నది' అని యుండదు. 'మే' అనియో, 'మైట్' అనియో, 'కుడ్' అనియో ఒక చిన్నమాట యుండును. ఆ చిన్నమాట త్రోవలో జారిపోయినది. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేను ఆంగ్ల పండితుడను గాను. కావ్యములైనను గురుముఖమున చదివినవాడను గాను. లెక్కలు వ్రాయువాడను. అయినను ఈ విషయము లెక్కలవానికి దగ్గరి చుట్టము. వసూలైన సొమ్మును, రావలసిన సొమ్మును, వచ్చునో రాదో తెలియని బాకీని ఒకే పద్దున వ్రాసినచో ఆ చిట్టాను ఎవరును ఒప్పుకొనరు గదా.

నైరుతి మూల మబ్బు పట్టినప్పుడు మనము 'వాన రావచ్చును' అందుము. మబ్బు లేక ఆశ మాత్రమే ఉన్ననాడు 'వచ్చినను రావచ్చును' అందుము. గుత్తి వైపునుండి వచ్చిన లారీ టార్పాలిను తడిసి యున్నచో 'గుత్తిలో వాన పడియుండవలెను' అందుము. మొదటిది ఆంగ్లమున 'మే', రెండవది 'మైట్', మూడవది 'మస్ట్ హావ్'. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు మన జిల్లాలో ఈ మూడింటి భేదము తెలియక వేరుసెనగ విత్తువాడు లేడు. మన రైతు మబ్బును గూర్చి చూపు ఈ వివేకమును నక్షత్రములను గూర్చి వ్రాయువారు చూపకపోవుట వింతగా నున్నది. ఇక 'కుడ్' అనునది మఱియొక తెఱగు. 'ఉండుటకు అడ్డు లేదు' అని దాని భావము. నీరున్నచోట జీవము ఉండగలదు; అంతమాత్రమున ఉన్నదని గాదు. బావి త్రవ్వదగిన చోటు వేఱు, నీళ్ళు పడిన బావి వేఱు.

ఇంకొక చిత్రము వినుడు. 'మే' అనునది సెలవడుగు మాట కూడ. బడిపిల్లవాడు గుమ్మము దగ్గఱ 'మే ఐ కమిన్' అనును. మన 'వచ్చును' సైతము అంతే: 'లోనికి రావచ్చునా?' అనియు అందుము, 'వాన రావచ్చును' అనియు అందుము. సంస్కృతమున విధిలిఙ్ గూడ ఆజ్ఞకును, సంభావనకును చెల్లును. మూడు భాషలును ఒకే త్రోవ త్రొక్కినవి. అయితే వ్యతిరేకార్థమున జాగ్రత్త వలయును. 'మస్ట్' అను ఊహకు వ్యతిరేకము 'మస్ట్ నాట్' అని పిల్లలు వ్రాయుచుందురు. అట్లు వ్రాసినచో చంద్రునిపై జీవము ఉండరాదని ఆజ్ఞాపించినట్లగును. చంద్రుడు మన ఆజ్ఞ వినునా! అచ్చట వ్రాయవలసినది 'కాంట్', అనగా ఉండజాలదు. 'మే నాట్' అనినచో లేకపోవచ్చును అని మాత్రమే.

మన తెలుగునేల మీదనే ఒక నిదర్శనము గలదు. 2005 ఏప్రిల్ 20వ తేదీన హైదరాబాదులోని జాతీయ బెలూను కేంద్రమునుండి ఇస్రోవారు ఒక మహా బెలూనును ఎగురవైచిరి. అది మోసిన పరికరముల బరువు 459 కిలోలు. అందు గాలి తీసివేసి శుద్ధిచేసిన 16 ఉక్కు గొట్టములుండెను. అవి 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గల గాలిని పట్టుకొని పారాచూటుతో దిగినవి. హైదరాబాదు సీసీఎంబీ లోను, పూనా ప్రయోగశాలయందును పరీక్షింపగా 12 బాక్టీరియా సమూహములు, 6 శిలీంధ్ర సమూహములు కనబడెను. వానిలో మూడు బాక్టీరియాలు అంతకుముందు ఎవరును ఎఱుగని జాతులు. ఒకదానికి ఆర్యభటుని పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుని పేరు పెట్టిరి.

2009లో ఇస్రోవారు ప్రకటించునపుడు, ఇవి భూమికి వెలుపలినుండి వచ్చినవని ఈ పరిశోధన తేల్చలేదనియు, అన్వేషణ కొనసాగించుటకు ప్రోత్సాహము మాత్రము ఇచ్చుచున్నదనియు చెప్పిరి. క్రొత్త జాతులు దొరకినవనుట 'ఉన్నది' పద్దు. అవి ఆకాశమునుండి దిగినవనుట 'మైట్' పద్దు. భూమి మీది దుమ్ముతో పైకెగసినవి కావచ్చును గదా! దుమ్ము ఎంత ఎత్తునకు లేచునో మన జిల్లావారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

ఈ వివేకము మనకు క్రొత్తది గాదు. గుంతకల్లుకు దగ్గఱ నున్న కొనకొండ్ల జైనాచార్యుడైన కుందకుందుని ఊరని ప్రతీతి. ఆయన పంచాస్తికాయమున స్యాద్వాదపు ఏడు భంగులు చెప్పబడినవి. 'స్యాత్' అనగా వట్టి 'ఏమో' గాదు, 'ఒకానొక దృష్టిచేత' అని పండితుల మాట. ఏ దృష్టిచేత చెప్పుచున్నామో తెలిపి మఱీ చెప్పుట అందలి మర్యాద.

తాడిపత్రికి తూర్పున, వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్ళలో పొరలు పొరలుగా గుండ్రని రూపులు కలవు. వానిని స్ట్రోమటోలైట్లు అందురు. వాని వయస్సు 180 కోట్ల ఏండ్లకు పైమాట. అచ్చట ఆనాడు సూక్ష్మజీవులు ఉండి తీరవలెనని 'మస్ట్ హావ్' అనుటకు బలమైన ఆధారము గలదు: ఆస్ట్రేలియా తీరమున షార్క్ బే అనుచోట నేటికిని సూక్ష్మజీవులు అట్టి పొరలనే కట్టుచుండగా కన్నులార చూడవచ్చును.

అంగారకుని సంగతి అట్లు గాదు. 2024 జూలైలో పర్సెవరెన్స్ అను అమెరికా యంత్రము ఒక రాతిపై చిఱుతపులి మచ్చలవంటి మచ్చలను కనిపెట్టినది. 2025 సెప్టెంబరులో వెలువడిన వ్యాసమున శాస్త్రజ్ఞులు వానిని జీవచిహ్నములు కాదగినవని మాత్రమే పేర్కొనిరి. సూక్ష్మజీవులు ఆ మచ్చలను చేసియుండవచ్చును. జీవము లేని రసాయన క్రియ గూడ చేసియుండవచ్చును. ఇది రెండు 'మే'ల మధ్య నిలిచిన రాయి.

అదే సంవత్సరము ఏప్రిల్‌లో, మన దేశమున పుట్టి కేంబ్రిడ్జిలో ఆచార్యులైన నిక్కు మధుసూదన్ గారి బృందము 124 కాంతి సంవత్సరముల దూరమున నున్న కె2-18బి అను గ్రహపు గాలిలో ఒక వాయువు జాడ తోచినదని చెప్పెను. భూమిపై ఆ వాయువును ముఖ్యముగా సముద్రపు సూక్ష్మజీవులు పుట్టించును. ఇచ్చట 'మే' మీద 'మే' చేరినది. వాయువు ఉండవచ్చును, ఉన్నచో అది జీవమువలన పుట్టియుండవచ్చును. మొదటిదానినే ఒప్పుకొనని శాస్త్రజ్ఞులు పలువురు కలరు. రానిబాకీపై వడ్డీ కట్టి దానిని ఆస్తిగా చూపినట్లు, ఈ రెండింటిని కలిపి 'జీవమున్నది' అని అచ్చువేసినవారిని ఏమనవలెను?

కావున పిల్లలకు నేనిచ్చు జవాబు ఇది. వేంపల్లె రాళ్ళలో ఉండి తీరవలెను. అంగారకునిపై ఒకప్పుడు ఉండి ఉండవచ్చును. కె2-18బి మీద ఉండినను ఉండవచ్చును. అంగారకుని రాతిముక్క ఆ యంత్రపు గొట్టములో భద్రముగా నున్నది. ఇంకను భూమికి రాలేదు. అది వచ్చి పరీక్ష ముగిసిననాడు ఆ పద్దు మార్చి వ్రాయుదము.