విద్యానిధులు - వాని జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



నేను భారతమునుగూర్చియో భాగవతమునుగూర్చియో మాటలాడుదునని పలువురు తలంచియుందురు. కాని ఉత్సవమునకై వచ్చిన చందాలలో ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము నేమి చేయవలయునను ప్రశ్న యిప్పుడు కార్యవర్గమువారి యెదుట నున్నది. ముఖద్వారమునకు తోరణస్తంభములు కట్టింతమని కొందరి యభిప్రాయము. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక, ఆ సొమ్మును మనసునందుంచుకొని, విద్యానిధులనుగూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

భర్తృహరి ధనమునకు మూడు గతులు చెప్పినాడు. వానిలో దానమే మేలైనదని మన మెరుగుదుము. అయితే దానములో నొకసారి యిచ్చి తీరిపోవునది యొకటి. మరల మరల నీయదగినది మరియొకటి. ఈ రెండవదానిని మన దేశమున పెద్దయెత్తున ఆచరించి చూపినవాడు జంషెడ్జీ టాటా.

ఉన్నతవిద్యకై విదేశములకు బోవు విద్యార్థులకొరకు ఆయన 1892లో నొక నిధి నేర్పరచెను. అందుండి యిచ్చునది దానము గాదు, అప్పు. చదువు ముగించి సంపాదనపరుడైనవాడు దానిని తిరిగి చెల్లింపవలయును. ఆ సొమ్ము మరియొక విద్యార్థికి చేరును. అంతటి ధనికునకు ఈ యప్పుపత్రముల గొడవ యేలయని మీకు తోచవచ్చును. పద్దులు వ్రాసినవానికి అందలి మర్మము బోధపడును. ఉచితముగా నిచ్చిన వేయి రూపాయలు ఒక్కని చదివించి యంతటితో ఆగిపోవును. తిరిగివచ్చు వేయి రూపాయలు ఎన్ని చేతులు మారిన నన్ని చదువులగును. అదిగాక, పుచ్చుకొన్నవాడు యాచకుడు గాడు, ఋణస్థుడు. తీర్చిననాడు తలయెత్తుకొని తిరుగగలడు. ఆ నిధి నేటికిని నడచుచున్నది. అణుశాస్త్రజ్ఞుడు రాజా రామన్న లండనులో చదివినది ఆ సహాయముతోనే.

పిల్లలను పైదేశములకు పంపుటతో టాటా తృప్తినొందలేదు. పరిశోధన యీ గడ్డపైననే జరుగవలయునని ఆయన సంకల్పము. 1898లో తన స్వంత ఆస్తిలో సగము, అనగా బొంబాయిలోని భవనములును భూములును, నాటి వెలకు 30 లక్షల రూపాయలు చేయునవి, ఒక విజ్ఞానసంస్థకొరకు ఈయ సిద్ధపడెను. క్రొత్తగా వచ్చిన వైస్రాయి కర్జను ప్రభువు, ఇంత పెద్ద చదువునకు విద్యార్థు లెక్కడ దొరకుదురు, చదివినవారికి ఉద్యోగము లెక్కడివని సంశయించెను. తర్జనభర్జనలు సాగుచుండగనే 1904లో దాత జర్మనీలో గతించెను.

ఇచ్చట నొక్క నిమిషము ఆగుదము. ఇచ్చెదనన్నవాడు లేడు, సంస్థ యింకను పుట్టలేదు. తండ్రి మాట తండ్రితోనే పోయినదని కుమారులు ఊరకుండినచో లోకము కొంతకాలము చెప్పుకొని మరచియుండెడిది. వారట్లు చేయలేదు, ఆస్తిని తండ్రి సంకల్పమునకే విడిచిరి. మైసూరు సంస్థానమువారు 371 ఎకరముల భూమి నిచ్చిరి. 1909లో బెంగుళూరున భారతీయ విజ్ఞాన సంస్థ వెలసెను. 1911లో రసాయనశాస్త్రమును, విద్యుచ్ఛక్తిశాస్త్రమును నేర్చుటకు మొదటి విద్యార్థులు చేరిరి. దానికి తన పేరు వలదని దాత యనియుండెను. గుడికి ట్యూబులైటు నొకదాని నిచ్చి, వెలుగు బయటికి రానంతగా దానిపై పేరు వ్రాయించు మనకు ఈ సంగతి వింతగా దోచును! అయినను ఆ నగరవాసులు దానిని టాటా ఇన్‌స్టిట్యూట్ అనియే పిలుచుచు వచ్చిరి. పిమ్మట 1944లో హోమీ భాభా వ్రాసిన లేఖను మన్నించి, దొరాబ్జీ టాటా ధర్మనిధివారు పూనుకొనగా, మరుసటి యేట మౌలిక పరిశోధనకు మరియొక సంస్థ యేర్పడినది.

ఇది బొంబాయి కోటీశ్వరుల కథ, మనకేమి యందురా? కాకినాడ సంగతి వినుడు. మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూనులో ఆర్జించిన ధనమును ధర్మకార్యములకు వ్రాసియిచ్చెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా చేరినప్పుడు, ఆ ధర్మసంస్థవారి వాగ్దానమును, మామగారు కూర్చిన సొమ్మును ఆయనకు ఆధారములు. హార్వర్డులో ఫిస్కేతో గూడి, శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. 1948లో ఆ దేశముననే మరణించెను. స్వదేశమునకు తిరిగి రానేలేదు.

టాటావారి పద్ధతిని బట్టి చూచినచో ఇది ఖర్చు వ్రాయవలసిన పద్దే. మనిషియే తిరిగి రాలేదు గదా! కాని బోదకాలు రాకుండ కోస్తా జిల్లాలలో ఇంటింటికి వచ్చి పంచిపెట్టిన మాత్ర మీకు జ్ఞాపకమున్నదా? డైఈథైల్ కార్బమజైన్ అను ఆ మందు, లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు ఆధ్వర్యవమున రూపొందినదే. కాకినాడ రూపాయి సముద్రములు దాటిపోయి, మాత్రయై మన గడపకు వచ్చినది. దీనిని ఏ ఖాతాలో జమకట్టవలయునో నా చిట్టాలో చోటు లేదు.

కావున నా ప్రతిపాదన మిది. మిగిలిన సొమ్మును బ్యాంకులో శాశ్వతనిధిగా నుంచవలయును. అసలు ముట్టరాదు. ఏటేట వచ్చు వడ్డీ స్వల్పమే. ఒక విద్యార్థి పుస్తకములకును పరీక్షరుసుమునకును వచ్చిన చాలును. విజ్ఞానశాస్త్రమో ఇంజనీరింగో చదువు మన యూరి బాలునకో బాలికకో దానిని వడ్డీలేని యప్పుగా నీయవలయును. ఉద్యోగము దొరకినవారు తీర్చవలయును. పరిశోధనలో దిగినవారిని మాత్రము వాయిదా తప్పినదని తొందరపెట్టరాదు. వారి పంట చేతికి వచ్చుటకు పదియేండ్లైనను పట్టవచ్చును. కార్యవర్గసభ్యుల బిడ్డలకు ఈ సహాయము ఈయరాదు. నాపై కోపము వచ్చినను సరియే, దాతల పేర్లు రాతిపై చెక్కింపక పుస్తకములో మాత్రమే వ్రాయవలయును. ఆ పుస్తకమును ఎవరడిగినను చూపవలయును.

తోరణము కోరినవారితో నాకు విరోధము లేదు. అది మరియొక చందాతో కట్టుకొందము. ఈ ప్రతిపాదనను రాబోవు సర్వసభ్యసమావేశమున చర్చకు బెట్టవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.