మెడ పట్టినప్పుడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట నొప్పుల సంగతి ఎందుకని కొందరు అడిగారు. పచ్చడిలో వేపపూవు ఉన్నట్లే ఇదీ ఉండనివ్వండి. మేము వైద్యులము కాము, రైల్వే గుమాస్తాలము. బల్లమీదకు వంగి పనిచేసేవారము గనుక, ఫిజియోథెరపీవారు మాకు నేర్పినవే మీకు చెబుతున్నాము.

మన తల బరువు సుమారు 5 కిలోలు. దానిని మోసేవి మెడలోని 7 చిన్న ఎముకలు, వాటిని పట్టి నిలిపే కండరములు. తల నిటారుగా ఉన్నంతసేపు చిక్కులేదు. వంగినకొద్దీ భారం పెరుగుతుంది. 2014లో న్యూయార్కులోని హన్స్‌రాజ్ అనే శస్త్రవైద్యుడు లెక్కకట్టగా, తల 60 డిగ్రీలు వంచితే మెడమీద పడే భారం సుమారు 27 కిలోలని తేలింది. అర బస్తా బియ్యం అన్నమాట!

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఊరు. యంత్రాలు వచ్చినా, తలవంచి చేసే చేతిపనికి అలవాటుపడిన ఆడవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. విరుదునగరం కొట్లలో పద్దులు వ్రాసేవారున్నారు. ఇక పిల్లలు సెల్‌ఫోనులోనుంచి తల ఎత్తితే కదా!

మెడ పట్టినప్పుడు ముందుగా, వేడినీటిలో తడిపి పిండిన తువ్వాలును, చర్మం కాలనంత వేడిగా, 15 నిమిషాలు మెడపై ఉంచవలెను. పిదప కుర్చీలో నిటారుగా కూర్చొని, కుడిచేత కుర్చీ అంచు పట్టుకొని, తలను ఎడమ భుజంవైపు మెల్లగా వాల్చాలి. ఎడమచేయి తలపై ఊరకే ఉంచితే చాలు, లాగరాదు. కుడిప్రక్క మెడనుంచి భుజందాకా సాగినట్లు తెలుస్తుంది. ఊపిరి బిగపట్టక 20 మొదలు 30 సెకండ్లు ఉండి, రెండవప్రక్క చేయాలి. ప్రక్కకు మూడుసార్లు చాలు.

మరొకటి. ముఖం సగం ఎడమకు త్రిప్పి, ఎడమ చంకను చూస్తున్నట్లు తల దించండి. భుజపుటెముకనుంచి మెడకు పోయే కండరం సాగుతుంది. ఉదయం లేవగానే మెడ తిరగనివ్వనిది తరచుగా ఇదే. తరువాత రెండవవైపు.

తల వంచక, ఎత్తక, గడ్డాన్ని నేరుగా వెనక్కు తీసి 5 సెకండ్లు ఉంచడం ఇంకొకటి. ఇది పదిసార్లు చేయాలి. రైలుపెట్టెలో చేస్తే పిల్లలు నవ్వుతారు, మాకది అనుభవమే! అయినా మా మట్టుకు ఇదే అన్నిటికంటె మేలు.

సాగడం వేరు, నొప్పి వేరు. నొప్పి పుట్టితే అక్కడే ఆపండి. కుదుపులు కూడదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయనిదే ఈ అభ్యాసాలు ఎన్ని చేసినా నిలవవు.

ఇక్కడివారు ‘సుళుక్కు’ అని, క్షౌరశాలలో తల పట్టించుకొని టక్కున మెడ విరిపించుకుంటారు. ప్రాణం హాయిగా ఉన్నదంటారు కూడా. కాని మెడ ఎముకల నడుమనుంచి మెదడుకు రక్తం తీసుకుపోయే నాళములున్నవి. అటువంటి కుదుపుకు నాళపు గోడ చీలి పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్యులు నమోదు చేశారు. అరుదే, కాని వచ్చినవాని ఇంటికి అరుదైతేనేమి? తలకు నూనె పెట్టించుకోండి, మెడ మాత్రం విరిపించుకోకండి.

చేతిలోకి తిమ్మిరి ప్రాకినా, చేతిపట్టు తప్పినా, నడకలో తూలినా, క్రిందపడిన తరువాత మెడ నొప్పి పుట్టినా, జ్వరంతో మెడ బిగిసినా ఇంట్లో అభ్యాసాలు చేస్తూ కూర్చోరాదు. ఆడవారు కూలి పోతుందని నూనె వ్రాసుకొని నెట్టుకొస్తారు. మా బెంగ అదే. చేతిపట్టు పూర్తిగా పోయినాక ఆ కూలి కూడా ఉండదు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వాసుపత్రి ఉన్నది. విరుదునగరంలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది.

కొత్తగా బదిలీమీద వచ్చిన ఇళ్ళవారు వైద్యునితో ‘కళుత్తు వలి’ అని మాత్రం చెప్పి ఊరుకుంటారు. చెయ్యి తిమ్మిరెక్కిన సంగతి, ‘మరత్తుప్పోచ్చు’ అని అరవంలో చెప్పకపోతే ఆయనకెట్లా తెలుస్తుంది? భాష రాక బిడియపడేవారు మన సంఘంలో ఒక్కమాట చెప్పండి. సెలవు రోజైనా, డ్యూటీ దిగినాకనైనా, మేము మీవెంట వస్తాము.