శరణార్థి పిల్లల చదువు - వారి మష్వరా

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకున్న రోహింగ్యా శరణార్థుల పిల్లల చదువుకు మన సంఘం ఏదైనా సాయం చెయ్యాలని సభ్యులు కొందరు అంటున్నారు. చాలా సంతోషం. అయితే ఏమి చెయ్యాలో మనమే తేల్చేసుకోక ముందు ఒక్క మాట మనవి చేస్తాము.

మన ఇళ్ళలో పెళ్ళి సంబంధం ఖాయం చెయ్యాలన్నా, కొత్తగా ఒక గది వెయ్యాలన్నా నలుగురినీ కూర్చోబెట్టి మష్వరా చేస్తాం. మరి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారి పిల్లలకు ఏం చదువు కావాలో వారినే అడగాలని మాత్రం మనకు తోచదు. ఇచ్చే చెయ్యి మనది గనుక నిర్ణయమూ మనదే అనుకుంటాం.

ఇలా అనుకుంటే ఏమవుతుందో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలు చెబుతున్నవి. 2017 ఆగస్టు తరువాత బర్మా, అంటే ఇప్పటి మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు అక్కడికి చేరారు. వెదురు పాకలలో వారి పిల్లలకు బడులు పెట్టారు. రోజుకు రెండేసి గంటలు, వంతులవారీగా చదువు. కాని బంగ్లా భాష నేర్పరాదన్నారు. బంగ్లాదేశ్ పాఠ్యక్రమం కూడదన్నారు, బర్మా పాఠ్యక్రమానికీ అనుమతి లేదన్నారు. ఎక్కడా చెల్లని చదువు ఎన్నేళ్ళు చదివితే ఏం లాభం?

తల్లిదండ్రులు, వారిలోని పంతుళ్ళు ఏమి కోరారో తెలుసా? బర్మా పాఠ్యపుస్తకాలే కావాలన్నారు! తమను తరిమిన దేశపు పుస్తకాలు, 1982 పౌరసత్వ చట్టంతో తమను పరాయివాళ్ళను చేసిన దేశపు పుస్తకాలు. బయటివాళ్ళం మనమెవ్వరం ఈ మాట ఊహించి వుండేవాళ్ళం కాము. వారి లెక్క వేరు. ఎప్పటికైనా సొంత ఊరికి పోతాం, పిల్లలు చదువు ఆగినచోటి నుంచే అందుకోవాలి అని వారి ఆశ. అనుమతి కోసం చూస్తూ కూర్చోకుండా కొందరు పంతుళ్ళు తమ గుడిసెల్లోనే ఆ పుస్తకాలతో పాఠాలు చెప్పారు. చివరకు 2020 జనవరిలో ప్రభుత్వం ఒప్పుకున్నది. కరోనా వల్ల ఆలస్యమై 2021 ఆఖరులో ఆ పాఠాలు మొదలైనవి. 2023 జూలై నాటికి అన్ని వయసుల పిల్లలకూ అందినవి. ఆ యేడు 3 లక్షల మంది పిల్లలు బడిలో చేరారు.

ఆడపిల్లల సంగతి కూడా అంతే. ఈడు వచ్చిన పిల్లను మగపిల్లల మధ్య కూర్చోబెట్టడానికి తల్లిదండ్రులు ఇష్టపడలేదు. వీళ్ళకు చదువంటే గిట్టదని తీర్పు చెప్పి ఊరుకుంటే కథ అక్కడితో సరి. వారి మాట విని ఆడపిల్లలకు విడిగా తరగతులు పెట్టారు, ఇంటి నుంచి వెంట తీసుకువచ్చే స్త్రీలను ఏర్పాటు చేశారు. పిల్లలు వచ్చారు.

ఆ శిబిరాలలో మాస్టర్ మొహిబుల్లా అని ఒకాయన వుండేవారు. మా మాదిరి బడిపంతులే. తమ వారి భవితవ్యం తేల్చే చోట తమ వారి గొంతు వుండాలని పోరాడి, 2019లో జెనీవాలో ఐక్యరాజ్య సమితి మానవహక్కుల మండలి ముందు మాట్లాడారు. 2021 సెప్టెంబరు 29న శిబిరంలోనే ఆయనను కాల్చి చంపారు. తన వారి తరఫున నోరు విప్పడానికి ఆయన చెల్లించిన ధర అది. వినడానికి మనకు అయ్యే ఖర్చు ఏపాటిది?

"వాళ్ళూ ముస్లింలే కదా, ఉర్దూ బడిలో వేస్తే సరిపోతుంది" అని మనలో కొందరంటున్నారు. ఉర్దూ మీడియం ఉపాధ్యాయులం మేమే చెబుతున్నాము, అది అంత తేలిక కాదు. రోహింగ్యాల మాతృభాష చిట్టగాంగు వైపు మాటకు దగ్గర, ఉర్దూకు కాదు. ఇంట్లో "నక్కో" అనే మన దక్కనీ పిల్లవాడికే పుస్తకంలోని "నహీ చాహియే" కొత్తగా వుంటుంది. ఇక వారి పిల్లల సంగతి చెప్పాలా? ఉర్దూ కావాలో, తెలుగు కావాలో, ఇంగ్లీషు కావాలో వారే చెప్పాలి. కాక్స్ బజార్‌లో కోరినదే ఇక్కడా కోరతారని కూడా అనుకోరాదు. ఇక్కడే పుట్టిన పిల్లలున్నారు.

"చదువు లేని కూలీలు చదువు గురించి ఏం చెబుతారు?" అని మరికొందరి అనుమానం. లెక్కలు ఎలా చెప్పాలో వారిని అడగటం లేదు. పిల్ల ఏ వేళకు ఖాళీగా వుంటుంది, దారిలో భయమేమిటి, బడి మానడానికి అడ్డు కాగితమా, భాషా, కూలిపనా - ఇవి తల్లికి తెలిసినట్టు మనకు తెలియవు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక, తనకు సంబంధించిన విషయంలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లవాడికే వున్నదంటున్నది.

కనుక మా మనవి ఇది. విద్యా కమిటీలో శరణార్థులకు రెండు స్థానాలివ్వండి, ఒకటి తల్లికి. సమావేశం ఇక్కడ కాదు, వారి బస్తీలో, కూలి నుంచి వచ్చాక పెట్టండి. వారి భాష తెలిసిన యువకుణ్ణి జీతమిచ్చి సహాయ ఉపాధ్యాయునిగా పెట్టండి. పైసలు ఖర్చు పెట్టేది ఆ తరువాతే.

పుస్తకాలు పంచి ఫోటో తీయించుకోవడం ఒక పూట పని. అడిగి, విని, దాని ప్రకారం నడవటానికి ఏళ్ళు పడుతుంది. సంఘం ఆ ఓపిక చూపుతుందని నమ్ముతూ సెలవు తీసుకుంటున్నాము.