చందా ఇచ్చేటోడే లెక్క అడగాలె

(యువజన సంఘాల కార్యకర్తలు, దాతలు, ఉద్యోగులు, విద్యార్థులు కలిసిన సభల చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభల రెండు తీర్ల మనుషులు కూసున్నరు. జేబుల నుంచి పైసలు తీసి ఇచ్చినోళ్లు కొందరు. పొద్దనక మాపనక పని చేసినోళ్లు కొందరు. ఇద్దరికీ దండాలు. శాలువలు కప్పుడు, ఫోటోలు దిగుడు ఎట్లాగూ ఉంటది. మేము పత్రికల్ల పని చేసేటోళ్లం, ఉద్యమంల తిరిగినోళ్లం. మాకు పొగడుడు కన్న అడుగుడు అలవాటు. అందుకే ఒక్కటే ముచ్చట అడుగుతం. ఊరి కోసం పెట్టుకున్న సంఘం ఎవరి పైసల మీద నడవాలె? ఎవరికి జవాబు చెప్పాలె?

ఈ ప్రశ్నకు మన తాతలు ఎప్పుడో జవాబు చెప్పిండ్రు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌ల రావిచెట్టు రంగారావు ఇంట్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండగ నిలిచిండ్రు. 1904ల హనుమకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. సర్కారు కొలువుల, చదువుల తెలుగుకు చోటు లేని కాలం అది. సభ పెట్టుకోవాలంటే ముందుగాల అనుమతి తెచ్చుకొమ్మని 53వ నంబరు గస్తీ బెదిరించిన రాజ్యం అది. అటువంటి రాజ్యంల పుస్తకాల అల్మారా పెట్టి, నాలుగు పత్రికలు తెప్పించి, పది మందిని కూసోబెట్టుడే పెద్ద పోరాటం. ఆ పోరాటాన్ని నడిపింది చందాలు, విరాళాలు, మనుషుల తీరిక.

ఇంకో పాయ చూడుండ్రి. మాదరి భాగయ్య, మనమందరం భాగ్యరెడ్డి వర్మ అని పిలుచుకునే మనిషి, 1906ల జగన్మిత్ర మండలి పెట్టిండు. అంటరానివాళ్లని ఊరవతలికి నెట్టిన పిల్లల కోసం 1910ల హైదరాబాద్‌ల బడులు తెరిసిండు. ఆయన వెనుక జాగీర్దారు లేడు. ఉన్నదల్లా తన జాతి మనుషులు, మనసున్న మిత్రులు. ఆ బడులు పెరిగినయి. తర్వాత సర్కారే వాటిని చేతికి తీసుకోవలసి వచ్చింది. సేవ అంటే ఏందో ఇక్కడ తెలుస్తది. సర్కారు చెయ్యని పని మనం చేసి చూపియ్యాలె. చూపిచ్చి, ఇది నీ పని, నువ్వు చెయ్యి అని నిలదియ్యాలె.

మాడపాటి హనుమంతరావు 1928ల ఆడపిల్లలకు తెలుగుల చదువు చెప్పే బడి పెట్టిండు. ఉస్మానియాల ఉర్దూ మాధ్యమం. తెలుగుల చదివిన పిల్లలకు పరీక్ష రాసే దారి లేదు. మరాఠీ గడ్డ మీది కర్వే మహిళా విశ్వవిద్యాలయంతోని ఆ బడిని కలిపిండ్రు. దారి మూసుకుపోతే ఇంకో దారి ఎతికిండ్రు గని బడి మూసుకోలేదు. నారాయణగూడల ఆ బడి మాడపాటి పేరు మీద నిలిచింది.

మరి ఇయ్యాల మన ఊర్లల్ల యువజన సంఘాలు ఎట్లున్నయి? 1972ల మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు ఊరూరా సంఘాలను కూడగట్టినయి. వాడల్ల అంబేద్కర్ యువజన సంఘాలు పుట్టినయి. చందాలు ఏసుకొని విగ్రహం నిలబెట్టినయి, రాత్రి బడులు నడిపినయి, పెత్తందారు ముందట తల ఎత్తి నిలవడం నేర్పినయి. ఇది మన గొప్ప. కని ఇంకో బొమ్మ కూడా ఉన్నది. ఎన్నికలు వచ్చినయంటే చాలు, క్రికెట్ కిట్టు వస్తది, వాలీబాల్ నెట్టు వస్తది, వినాయక మండపానికి డీజే వస్తది. వాటి ఎనుకనే ఫ్లెక్సీ వస్తది. ఫ్లెక్సీ మీద దాత బొమ్మ గుమ్మడికాయంత, సంఘం పేరు చీమంత! కిట్టు ఆరు నెలల్ల ఇరుగుతది. ఆ మాట కింద పడ్డ సంఘం అయిదేండ్లు నోరు తెరవదు. చెరువు కబ్జా అయినా అడగదు. బడిల పంతులు లేకున్నా అడగదు.

మేము దాతలను తిడుతలేం. దాత కావాలె. కని దాత ఒక్కడే కావద్దు. నూరు మంది ఇచ్చే నూరు రూపాయలు, ఒక్కడిచ్చే పదివేలు లెక్కల ఒక్కటే. బలంల ఒక్కటి కాదు. ఒక్కడు అలిగితే పదివేలూ పోతయి. నూరు మందిల ఒకడు అలిగితే పోయేది నూరు రూపాయలే.

2011ల రోడ్ల మీద జరిగిన వంటా వార్పు యాదికున్నదా? ఒక ఇంటి నుంచి బియ్యం, ఒక ఇంటి నుంచి పప్పు, ఒకరి కట్టెలు, ఇంకొకరి గుండిగ. సకల జనుల సమ్మె 42 దినాలు నడిచింది. జీతం లేని ఉద్యోగికి ఇరుగుపొరుగే ఆసరా. ఆ పొయ్యిలు ఒక్క సేటు పైసలతోని మండి ఉంటే, ఆ సేటుకు పైనుంచి ఒక్క ఫోన్ వస్తే చాలు, అన్నీ ఆరిపోవు. ఇల్లిల్లూ ఇచ్చింది కాబట్టే ఆర్పుడు ఎవ్వరితోని కాలేదు.

2020 లాక్‌డౌన్‌ల కూడా అదే చూసినం. నాగపూర్ దిక్కు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద వలస కూలీలు పిల్లలను భుజానేసుకొని నడిచిండ్రు. రోడ్డు పొంటి ఊర్ల పిలగాండ్లు, మహిళలు అన్నం పొట్లాలు కట్టిండ్రు, నీళ్లిచ్చిండ్రు, కాళ్లకు చెప్పులిచ్చిండ్రు. వాళ్లకు ఎవ్వరూ ఆర్డరు ఇయ్యలేదు. కలిసి పని చేసిన అలవాటు ఉన్న ఊరు ఒక్క పూటల లేచి నిలవడ్డది.

అయితే మనసు ఒక్కటే చాలదు. లెక్క కావాలె. లెక్క ఎట్ల రాయాలెనో నేర్చుకోనీకి పట్నం పోవుడెందుకు? ఇంట్ల అమ్మనడుగుండ్రి. పొదుపు సంఘంల అందరి ముందట పైసలు ఎంచుతరు, అందరి ముందట పుస్తకంల ఎక్కిస్తరు, తీర్మానం రాసి సంతకాలు పెడతరు. చదువు రాని అవ్వ కూడా తన పైసలెన్నో నోటికి చెప్తది. డిగ్రీలు చదివిన మన సంఘాల్ల మాత్రం పోయిన దసరా చందా లెక్క ఎవరి జేబుల ఉన్నదో ఎవ్వరికీ తెల్వది!

చట్టం కూడా అదే చెప్తున్నది. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలె. పైసల లెక్క రాయాలె. రిజిస్ట్రేషన్ కాగితం గోడకు తగిలిచ్చి లెక్కను దాచిపెడితే అది సంఘం కాదు, దుకాణం.

ఇగ అసలు ముచ్చటకు వస్తం. మన గ్రంథాలయాల్ల ఇయ్యాల కూసున్నది ఎవరు? గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ కొలువుకు చదివే పిల్లలు. కొన్నిచోట్ల కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకుంటరు. పగటి అన్నం దాతలు పెడుతున్న కాడ కడుపు నిండుతున్నది, లేని కాడ ఛాయ్ తోని సరిపెట్టుకుంటరు. దాతల చెయ్యి చల్లగుండాలె. కని ఒక్కటి మరువద్దు. మీరు ఇంటి పన్ను కడితే రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నరు. 1960ల వచ్చిన గ్రంథాలయాల చట్టం పెట్టిన పద్ధతి అది. వసూలు చేసిన ఆ పైసలను స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సక్కగ జమ చేస్తలేవని ఏండ్ల సంది మొర ఉన్నది. కుర్చీ కోసం దాత దగ్గరికి పోయే ముందు, మనం కట్టిన సెస్సు ఏమైందని అడగాలె గదా! సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు దాటవు. దానం పేరు మీద సర్కారు బాకీ మాఫీ చేసుడు మంచిది కాదు.

మేము కోరేది కొంచమే. ఉద్యోగ మిత్రులారా! జీతం పడ్డనాడు మీకు తోచిన చిన్న మొత్తం మీ ఊరి సంఘానికి పంపుండ్రి. రశీదు అడుగుండ్రి. అడిగితే బాగుండదని మొహమాటపడకుండ్రి. లెక్క అడగని దాత సంఘాన్ని చెడగొడతడు. విద్యార్థి మిత్రులారా! మీ దగ్గర పైసలు లేవు, తెలుసు. వారానికి రెండు మాపులు ఇయ్యుండ్రి. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుండ్రి, పింఛన్ రాని ముసలమ్మకు దరఖాస్తు రాసి పెట్టుండ్రి. సంఘాల నాయకులారా! జమ, ఖర్చు కాగితం నెలకొక్కసారి గ్రామ పంచాయతీ గోడకు అంటియ్యుండ్రి. కమిటీల ఆడపిల్లలకు చోటియ్యుండ్రి. వాడకొకరు ఉండేటట్టు చూడుండ్రి. ఒక్క కులం, ఒక్క వాడ సంఘాన్ని ఊరి సంఘం అనుకోవద్దు.

మన తాతలు రాజు ఒద్దన్నా పుస్తకం తెరిసిండ్రు. ఇయ్యాల మనలను ఒద్దనేటోడు లేడు. ఇగ తెరవాల్సింది జమాఖర్చు పుస్తకం. అది తెరిచి పెట్టిన సంఘానికి చందా ఇయ్యనీకి ఏ ఊరూ ఎనుకాడదు. అటువంటి సంఘం ఏ నాయకుని ముందటా తల దించదు.