ఆటిజం గల పిల్లలు: చికిత్స యనగా నేమి?

బిడ్డకు రెండేండ్లు నిండినను మాట రానప్పుడు మన యిండ్లలో మొదట వైద్యుని యొద్దకు పోరు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుదురు. “మగపిల్లలకు మాట ఆలస్యమే, వాళ్ల తాతకూ నాలుగేళ్లకు గానీ రాలేదు” అని పెద్దలు ధైర్యము చెప్పుదురు. ఆ ధైర్యముతోనే ఏడాదియు, ఒక్కొక్కచో రెండేండ్లును గడచిపోవును. పిమ్మట ఎవరో ‘ఆటిజం’ అను మాట పలుకుదురు. ఆనాటి నుండి తలిదండ్రులు కనబడిన వారినెల్ల అడుగు ప్రశ్న ఒక్కటే: “దీనికి మందుందా?” ఆ ప్రశ్నకు మేమెరిగినంత వరకు ఉన్నదున్నట్లు సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

ఆటిజమును పోగొట్టు మందు లేదు. ఇది ముందుగనే చెప్పుట మేలు. ఏలయన, ఉన్నదని చెప్పువారు పెక్కుమంది కలరు, వారి రుసుములును పెద్దవి. కాని మందు లేదనుటకును, చేయదగినదేదియు లేదనుటకును చాల దూరము.

తల్లి బిడ్డను చంకనెత్తుకొని చందమామను చూపుచు గోరుముద్దలు పెట్టుట మనకు క్రొత్త గాదు. ఏడాది నిండిన బిడ్డ తల్లి వ్రేలి వెంబడి చూపు సాగించి చంద్రుని చూచును. మరల తల్లి మొగము చూచును. కొన్నాళ్లకు తానే వ్రేలు చాచి చూపును. ‘నేను చూచినది నీవును చూడుము’ అను ఈ చిన్న వ్యవహారములోనే మాటకు పునాది యున్నది. ఆటిజం గల బిడ్డలలో పెక్కుమందికి ఇది తనంత తానుగా అబ్బదు. పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడడు. చెవుడేమో యనుకొందుమా, ప్రక్కగదిలో బిస్కట్ల పొట్లము విప్పిన చప్పుడునకు పరుగెత్తి వచ్చును. బీరువాలోని వస్తువు కావలసినచో తల్లి చేయి పట్టి లాగుకొనిపోయి తలుపుపై నుంచును గాని ఆమె మొగము వంక చూడడు. బొమ్మబండి చక్రము త్రిప్పుచు గంటలు గడపును. కుక్కరు ఈల వేసిన చెవులు మూసికొనును. రోజూ పోవు దారి మారిన గుక్కపట్టి యేడ్చును. అందఱును ఒక్క తీరువారు కారు. కొందఱకు జీవితాంతము మాట రాదు. కొందఱు పెద్దచదువులు చదివి ఉద్యోగములు చేయుచున్నారు. ఆడపిల్లలలో ఈ లక్షణములు పైకి కనబడక, చాల కాలము గుర్తింపబడకపోవుటయు కలదు.

అమెరికాలో బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున పనిచేసిన లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ స్థితి వైద్యలోకమునకు పరిచితమైనది. అంతకు ముందే, 1926లో, గ్రూన్యా సుఖరేవా అను రష్యను వైద్యురాలు ఇట్టి పిల్లలను వర్ణించి ప్రకటించెను గాని, ఆమె మాట చాలకాలము ఎవరి చెవిని బడలేదు. కానర్ తరువాతి పాతికేండ్లు తల్లులకు చెడ్డకాలము. తల్లి మనసులో వెచ్చదనము లేకపోవుటచేతనే బిడ్డ ఇట్లు ముడుచుకొనిపోవునని పండితులే చెప్పిరి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదముతో ఒక పెద్ద గ్రంథమే వ్రాసెను. ఆటిజం గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అప్పటికే, 1964లో, ఆ వాదమును ఎదుర్కొని గ్రంథము ప్రకటించియుండెను. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ అను వారు 21 జతల కవలలను పరిశీలించి, దీనికి పుట్టుకతో వచ్చు జన్యుకారణముల బలము గలదని చూపిరి.

పండితులు ఆ మాట విడిచి అర్ధశతాబ్ది యగుచున్నది. మన యిండ్లు ఇంకను విడువలేదు. గ్రహణమునాడు బయటికి వచ్చెనని, ఉద్యోగము మానలేదని, అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చెనని కోడలిని దెప్పుట మేము మా చెవులార వినుచున్నాము. టీకాలవలన వచ్చినదను మాటయు నట్టిదే. 1998లో ఆ అనుమానము రేపిన వ్యాసమును ‘లాన్సెట్’ పత్రిక 2010లో రద్దుచేసినది. దాని మాట నమ్మి టీకాలు మానిన యిండ్లలో తట్టుమాత్రము వచ్చినది.

ఇక శిక్షణల సంగతి. కాలిఫోర్నియాలో ఐవార్ లోవాస్ అను మనస్తత్త్వవేత్త పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడెల్ల బహుమానమిచ్చి నేర్పు పద్ధతిని ప్రచారము చేసెను. వారమునకు 40 గంటలు నేర్పిన 19 మంది పిల్లలలో 9 మంది తోటివారితో సమానముగ బడి చదువు సాగించిరని ఆయన 1987లో ప్రకటించెను. ఆ లెక్కపై వాదోపవాదములు నేటికిని ఉన్నవి. ఆయనయే 1960ల ప్రాంతమున పిల్లలకు విద్యుద్ఘాతములు సైతము ఇచ్చియుండెనని మఱువరాదు. ఈ పద్ధతి నేడు చాల మెత్తబడి, ఆటలో కలిసిపోయిన మాట నిజమే. అయినను, చిన్ననాట దానికి లోనైన పెద్దలు కొందఱు “మమ్మల్ని మామూలు పిల్లల్లా నటించమని నేర్పారు” అని చెప్పుచున్నారు. వారి మాటను త్రోసివేయుట మాకు న్యాయముగ తోచదు. పైగా వారమునకు 40 గంటల రుసుము మన పట్టణములలో ఎంతమంది గుమాస్తాలు, చేనేతవారు భరింపగలరు?

ఉత్తర కరోలినాలో ఎరిక్ షాప్లర్ త్రొక్కిన దారి వేరు. పిల్లవానిని మార్చుటకు ముందు గదిని మార్చుమనెను. ఏ పని తరువాత ఏ పనియో బొమ్మలుగా గోడకు అంటించిన, రేపేమగునో యను భయము తగ్గును. తలిదండ్రులను దోషులుగా కాక సహచికిత్సకులుగా కూర్చుండబెట్టినవాడును ఆయనయే. మాట రానివారికి బొమ్మకార్డులతో అడుగుట నేర్పు పద్ధతియు కలదు. బొమ్మకు అలవాటుపడిన మాట రాదేమోయని తల్లులు భయపడుదురు. పరిశీలనలలో ఆ భయమునకు ఆధారము కనబడలేదు.

మన దేశమునకు అన్నిటికంటె ముఖ్యమని మాకు తోచు ప్రయత్నము గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను జరిగినది. దాని ఫలితములు 2016లో వెలువడినవి. పాల్గొన్నవారు 65 మంది పిల్లలు. నేర్పినవారు నిపుణవైద్యులు కారు. శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు. వారు ఇంటికి వచ్చి, తల్లి బిడ్డతో ఆడుచుండగా వీడియో తీసి, దానిని తల్లికే చూపి, బిడ్డ ఎప్పుడు తనవంక మొగ్గెనో ఆమెచేతనే కనిపెట్టించిరి. ఆరునెలలలో ఇట్టివి 12 కూర్పులు. తుదకు తల్లులు బిడ్డ వెంట పోవుట నేర్చిరి. బిడ్డలు తామై పలుకరించుట పెరిగెను. ఒక విషయములో మాత్రము, ఇద్దఱును కలిసి ఒకే వస్తువుపై దృష్టి నిలుపు కాలము పెరుగకపోగా తగ్గెను. ఆ సంగతిని వారు దాచలేదు.

మేమెరిగిన ఒక యింట ఇట్టి పద్ధతినే చూచితిమి. తల్లి ప్రొద్దస్తమానము “కాకి అను నాన్నా, కాకి” అని వెంటబడుట, బాలుడు పారిపోవుట. వాడు గిన్నెమూతను నేలపై తట్టుచు కూర్చుండిన, చప్పుడని మూత లాగుకొనుట. వీడియో చూచి ఆమె తానే “వాడిని ఊపిరి తీసుకోనివ్వడం లేదు నేను” అనెను. మఱునాడు మఱియొక మూత తీసికొని ఎదుట కూర్చుండి, వాడు మూడుసార్లు తట్టిన తానును మూడుసార్లు తట్టి, మాటలాడక ఊరకుండెను. పదునొకండవ నాడు వాడు తట్టుట ఆపి, ఆమె మొగము చూచి, ఆమె వంతుకొరకు వేచియుండెను. ఇప్పుడా బాలునకు తొమ్మిదేండ్లు. మాటలు నలుబదికి మించి లేవు. దాహమైన కార్డు చూపును; తండ్రి వచ్చు వేళకు గుమ్మములో నిలుచుండును.

మందులు బొత్తిగా పనికిరావని మా భావము కాదు. మూర్ఛలున్న వానికి వైద్యము తప్పనిసరి. తన్ను తాను కొట్టుకొనునంతటి ఉద్రేకము శాంతించుటకు రిస్పెరిడోన్‌ను 2006లోను, అరిపిప్రజోల్‌ను 2009లోను అమెరికా ప్రభుత్వము అనుమతించినది. అవి మాట నేర్పవు, బరువు పెంచును. ఇక సిక్రెటిన్ సూదిమందు మహిమ 1998లో ప్రపంచమంతట మ్రోగినది; మఱుసటి యేడే ఉప్పునీటి సూదితో పోల్చి చూడగా తేడా కనబడలేదు. దేహములోని లోహములను కడిగెదమను చికిత్సలో 2005లో అమెరికాలో ఒక బాలుడు మరణించెను. మూలకణముల చికిత్స ఆటిజమునకు సిఫారసు చేయదగినది కాదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పినది. అయినను ఒక చికిత్సాలయమువారు చెప్పిన మాటకు రెండెకరముల మాగాణి అమ్మిన తండ్రిని మేమెరుగుదుము. పొలము పోయినందుకంటె, ఆ తిరుగుడులో బిడ్డకు బడి మానిపించినందుకు ఆయన ఎక్కువ వగచెను.

సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ మనోవికాస్ నగరమున నున్నది. మన దేశపు పిల్లలలో ఆటిజమును కొలుచుటకు వాడు కొలమానమును సిద్ధపఱచినది వారే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజమును చేర్చిరి. ధ్రువపత్రము పొందిన రాయితీలు లభించును. పత్రము పుచ్చుకొనిన బిడ్డకు ముద్రపడునని వెనుదీయువారు ఒకసారి ఆలోచింపవలెను.

పెరిగిన పిల్లల సంగతి మఱింత కష్టము. “పెళ్లి చేస్తే కుదురుకుంటాడు” అను ప్రయోగము మఱొక యింటి పిల్లపై చేయుట అన్యాయమని మేము గట్టిగా చెప్పుచున్నాము. “మా తరవాత వీడెవరికి?” అను ప్రశ్నకు మన దేశమున ఇంకను చాలినంత సమాధానము లేదు.

కానర్ వ్రాసిన ఆ 11 మందిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న యూరివాడు, డానల్డ్ ట్రిప్లెట్. బాల్యమున ఆయనను ఒక రైతు దంపతుల కడ కొంతకాలముంచిరి. వానికి ఏదైనను కొలుచుట పిచ్చి. రైతు వానిచేత బావి త్రవ్వించి, లోతెంతో చెప్పుమనెను. మొక్కజొన్న సాళ్లు లెక్కించుట పిచ్చి, దున్నుచు లెక్కింపుమనెను. ఆయన కళాశాల చదువు పూర్తిచేసి, సొంత యూరి బ్యాంకులో పనిచేసి, గోల్ఫు ఆడుచు, దేశములు తిరిగి, 2023లో 89 ఏండ్ల వయసున మరణించెను.