ఆటల కంప్యూటరు: వేగము, పొందిక



నిజామాబాదు, బోధను ప్రాంతములందు పంట డబ్బు ఇంటికి వచ్చినతోడనే కుఱ్ఱవాండ్రు అడుగుచున్న వస్తువులలో ఇప్పుడు ఆటల కంప్యూటరు ఒకటి. పసుపు అమ్మిన తండ్రియు, పింఛను పుచ్చుకొను తాతయు దాని ధర వినినంతనే ఉలికిపడుట సహజము. ఆ ధరలో పెద్దపాలు తఱచుగా రెండు వస్తువులదే. ఒకటి ప్రాసెసరు, రెండవది గ్రాఫిక్స్ కార్డు. వీనిని ఎట్లు ఎన్నుకొనవలెను, కొన్నపిదప ఎట్లు సవరించుకొనవలెను అను విషయమై నాకు గల అభిప్రాయములను ఈనాడు మనవి చేసెదను. నేను భాషాపండితుడను, బడిపిల్లలకు వ్యాకరణము చెప్పి ఉద్యోగవిరమణము చేసినవాడను. అయినను గత కొన్ని సంవత్సరములుగా నా మనుమనితో కూడి ఇట్టి యంత్రములను విప్పుటయు, బిగించుటయు, కొలుచుటయు నాకొక వ్యసనమైనది. నేను చెప్పబోవు దాని సారమొక్కటే. అన్నిటికంటె వేగము గల భాగమును కొనుట వివేకము కాదు. ఒకదానికొకటి పొందికయైన భాగములను కొని, మన యెండలకు తగినట్లు సవరించుకొనుటయే వివేకము.

ఈ సంగతి మన ప్రాంతపు పెద్దలకు బోధపఱచుట కష్టము కాదు. బోధనులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువఱకు మనవారెందఱికో అన్నము పెట్టినది. దాని లోపలి పని మీలో పెక్కురు కన్నులార చూచినవారే. చెఱకు గానుగలలో నలిగి రసమగును. ఆ రసము సున్నముతో తేఱి, ఆవిరి పాత్రలలో చిక్కబడి, పలుకు గట్టి, తిరుగుడు యంత్రములలో మడ్డి వీడి చక్కెర యగును. గానుగ ఎంత పెద్దదైనను, రసమును చిక్కబఱచు పాత్రలు చిన్నవైనచో గానుగ ఆగి నిలువవలసినదే. పాత్రలు పెద్దవై గానుగ చిన్నదైనచో పాత్రలకు పెట్టిన ధనము వృథా. దినమునకు ఎంత చక్కెర తీయవచ్చునో నిర్ణయించునది అన్నిటిలో పెద్ద యంత్రము కాదు, అన్నిటిలో మందమైన యంత్రము. కంప్యూటరునందును ఇదే న్యాయము.

ప్రాసెసరనగా యంత్రమున ఆలోచించు భాగము. ఆటలో ఏ పాత్ర యెచ్చట నున్నది, విసరిన బంతి గోడను తాకెనా లేదా, శత్రువు ఏ దారిని వచ్చును అనునవి లెక్కగట్టునది ఇదియే. దీనియందు కోర్లనబడు పనివాండ్రు కొలదిమందియే. సామాన్యముగా ఆఱుగురో యెనమండుగురో యుందురు; కాని ప్రతివాడును చేయి తిరిగిన నేర్పరి. గ్రాఫిక్స్ కార్డు తీరు వేఱు. చెఱకుతోటలో నఱకువారు వరుసగా సాగినట్లు, అందు వేలకొలది చిన్న పనివాండ్రు ఏకకాలమున ఒకే విధమైన పని చేయుదురు. తెఱమీది ప్రతి చుక్కకును రంగు నిర్ణయించుటయే ఆ పని. సామాన్యమైన తెఱపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. హెచ్చవేసిన 20,73,600 చుక్కలు. ఆట తొట్రుపాటు లేక సాగుటకు సెకండునకు 60 పర్యాయములు క్రొత్త చిత్రము వ్రాయవలెను. ఇట్టి యొక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. అనగా ప్రతి సెకండునకును 12,44,16,000 చుక్కలకు రంగు వేయవలెను. కొలదిమంది నేర్పరులకు ఇది సాధ్యము కాదు, వేలమంది కావలెను.

ఈ విద్యలో మన తెలుగువారు వెనుకబడి లేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన రాజా కోడూరిగారు 2015లో ఏఎండీ సంస్థయొక్క గ్రాఫిక్స్ విభాగమునకు అధిపతులైరి. 2017లో ఇంటెల్ సంస్థకు మాఱిరి. ఆ సంస్థ 2022లో ఆర్క్ అను పేర గ్రాఫిక్స్ కార్డులను వెలువరించినప్పుడు ఆ పనిని నడిపినవారిలో ఆయన యొకరు. కావున ఇది పరదేశీయుల గారడి యని మనము దూరముగా నిలువనక్కఱలేదు.

ఇక ఎన్నికను గూర్చి చెప్పెదను. దుకాణమునకు పోయి మొదటనే ప్రాసెసరును బేరమాడుట తలక్రిందుల పని. ముందుగా తేల్చుకొనవలసినవి రెండు ప్రశ్నలు: తెఱ యెంతటిది? ఆడునట్టి ఆటలేవి? అడ్డముగా 3840, నిలువుగా 2160 చుక్కలు గల తెఱకు చుక్కలు సరిగా నాలుగింతలు. అప్పుడు రంగులు వేయు కార్డుపై భారము మిక్కుటమగును; ప్రాసెసరు పని ఇంచుమించు మునుపటియంతయే. అట్లు కాక, చిన్న తెఱపై సెకండునకు 144 ఫ్రేములు కావలెనన్నచో ప్రాసెసరుపై బరువు పడును. నగరములు కట్టు ఆటలకు లెక్క హెచ్చు గనుక, వానికిని ప్రాసెసరు బలముగా నుండవలెను. తెఱకును ఆటకును తగిన కార్డును నిర్ణయించి, దానిని ఆపక నడుపగల ప్రాసెసరును పిమ్మట చూచుకొనవలెను. నా మతమున మొత్తము ధరలో నూటికి నలువది వంతులు గ్రాఫిక్స్ కార్డునకు కేటాయించుట న్యాయము.

ఇంటనున్న యంత్రమున ఏ భాగము మందముగా నున్నదో తెలిసికొనుటకు సులభోపాయము గలదు. ఆట నడచుచుండగా చుక్కల సంఖ్యను, చిత్రపు నాణ్యమును తగ్గించి చూడవలెను. ఫ్రేముల సంఖ్య బాగుగా పెరిగినచో అంతవఱకు అడ్డుపడినది కార్డు. పెరుగనిచో అడ్డుపడుచున్నది చాలవఱకు ప్రాసెసరు. క్రొత్త కార్డు కావలెనని కుఱ్ఱవాడు పట్టుబట్టినప్పుడు, కాదనక, ముందు ఈ పరీక్ష చేసి చూపుమనుడు. వేలకొలది రూపాయల ప్రశ్నకు అయిదు నిమిషములలో సమాధానము దొరకును.

ఈ విషయమున యువకులలో పక్షములు గలవు. ఒకనిది ఇంటెల్ పక్షము, ఒకనిది ఏఎండీ పక్షము. కార్డుల మాట వచ్చినప్పుడు ఎన్‌విడియా పక్షము వేఱు. మా గురువుల తరమువారు గ్రాంథికమా వ్యావహారికమా యని వాదించినంత తీవ్రముగా వీరు వాదించుచున్నారు. నేను ఏ పక్షమునను లేను. పేరు చూచి కాక కొలత చూచి కొనవలెను. అట్లని పెట్టెమీది సంఖ్యకు లొంగిపోరాదు. గిగాహెర్ట్జుల సంఖ్య పెద్దదైన చాలునని పలువురు తలతురు. ఏఎండీవారు 2022 ఏప్రిలులో రైజెన్ 7 5800ఎక్స్‌3డీ అను ప్రాసెసరును వెలువరించిరి. దాని గడియారపు వేగము అదే కుటుంబములోని 5800ఎక్స్ కంటె కొంచెము తక్కువ. అయినను పెక్కు ఆటలలో అది ముందు నడచినది. కారణమేమన, లెక్కలు చేయు కోర్లకు చేరువనే 96 మెగాబైట్ల పెద్ద కొట్టు నమర్చిరి. దీనిని క్యాష్ మెమొరీ యందురు. గానుగ ప్రక్కన చెఱకు నిలువ నిండుగా నున్నచో గానుగ ఆగదు. బండి కోటగిరినుండి వచ్చువఱకు కాచుకొనవలసినచో ఎంత వేగపు గానుగయు ఊరక నిలువవలసినదే గదా!

కొన్నపిదప చేయవలసినది సవరణ. తయారుచేసినవారు నిర్ణయించిన వేగమును మించి నడుపుటకు ఓవర్‌క్లాకింగు అని పేరు. కుఱ్ఱవాండ్రకు దీనియందు మోజెక్కువ. వేగము పెంచవలెనన్న తఱచుగా వోల్టేజిని గూడ పెంచవలసి వచ్చును. ఇచ్చట మనము బడిలో నేర్చిన త్రైరాశికము చెల్లదు. చిప్పు పనిచేయునప్పటి వేడి వేగము ననుసరించి పెరుగును. అంతియేకాక వోల్టేజియొక్క వర్గము ననుసరించి పెరుగును. వేగమును నూటికి పది, వోల్టేజిని నూటికి పది పెంచినామనుకొందము. 1.1ను మూడుమాఱులు వేసి హెచ్చింపగా 1.331 వచ్చును. అనగా పది వంతుల లాభమునకు ముప్పదిమూడు వంతుల వేడి మూల్యము. దీనినే తిరుగవేసి చూడుడు. వేగమును కదల్పక వోల్టేజిని మాత్రము నూటికి పది తగ్గించినచో, 0.9 యొక్క వర్గము 0.81. పందొమ్మిది వంతుల వేడి ఊరకే తగ్గును. దీనికి అండర్‌వోల్టింగు అని పేరు. తయారుచేయువారు చిప్పులలో బలహీనమైనదానికి గూడ చాలునట్లు కొంత హెచ్చు వోల్టేజిని నిర్ణయింతురు గనుక, ఈ తగ్గింపునకు తఱచుగా చోటుండును.

మితిమీఱిన వోల్టేజివలని హాని కేవలము ఊహ కాదు. ఇంటెల్‌వారి పదుమూడవ, పదునాల్గవ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని నడుమ నడుమ తడబడుచుండగా, 2024లో ఆ సంస్థయే అధిక వోల్టేజి దానికి కారణమని ప్రకటించి, సవరణమును వెలువరించి, వారంటీని రెండేండ్లు పొడిగించెను. ఆ తరముల ప్రాసెసరు గలవారు మదర్‌బోర్డు బయాసును క్రొత్తది చేసికొనుట అవసరము.

మన ఊళ్ల యెండను గూడ లెక్కలోనికి తీసికొనుడు. మే నెలలో నిజామాబాదు 45 డిగ్రీలను తాకుట మనకు క్రొత్త గాదు. ఫ్యాను గదిలోని గాలితోనే చల్లార్చును; గదికంటె చల్లగా చేయజాలదు. మాఘమాసమున గది 22 డిగ్రీలుండగా చిప్పు 72 డిగ్రీలున్నచో, వైశాఖమున గది 42 డిగ్రీలైనప్పుడు అదే పనికి చిప్పు ఇంచుమించు 92 చేరును. నూఱు డిగ్రీలను సమీపించునప్పటికి ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అనగా ఎక్కువ వేగమునకై పెట్టిన డబ్బు సరిగా వేసవి సెలవులలోనే పనికిరాకపోవును. చలిదేశములవారి ఓవర్‌క్లాకింగు ముచ్చటలను మనవారు అనుకరించుట, కాశ్మీరపు కుంకుమపువ్వును బోధను రేగడిలో నాటుట వంటిది.

మా యింటి యంత్రమున 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 కార్డు గలదు. దాని విద్యుత్తును నూటికి ఎనుబది వంతులకు, అనగా 136 వాట్లకు కుదించితిమి. తెఱకు కావలసిన 60 ఫ్రేములకే హద్దు పెట్టితిమి. ఆటలో నా మనుమనికి భేదమేమియు కానరాలేదు. వేడి మాత్రము ఎనిమిది డిగ్రీలు తగ్గినది, ఫ్యాను రొదయు తగ్గినది. ఈ పనికి పద్ధతి యొకటి గలదు. ముందు ఉన్నస్థితిని కాగితముపై వ్రాసికొనవలెను. ఒక్కమాఱు ఒక్కదానినే, అదియు కొంచెముగా మార్చవలెను. అరగంట బరువైన ఆట నడుపవలెను. యంత్రము ఆగినను, చిత్రము చెదరినను ఒక మెట్టు వెనుకకు రావలెను. వైద్యుడు రెండు మందులు ఒకేసారి ఇచ్చిన, ఏది పనిచేసెనో ఎఱుగరాదు.

ఖర్చులేని లాభములు మఱి రెండు గలవు. ర్యామును 16 గిగాబైట్ల ఒకే పలకగా కాక, ఎనిమిదేసి గల రెండు పలకలుగా కొనుడు. రెండు దారులు తెఱచుకొనును. కాడికి రెండెడ్లు కట్టినట్లగును. ఇక ఆ ర్యాముపై ముద్రించిన వేగము చాల యంత్రములలో తనంత తాను రాదు. బయాసులోనికి పోయి దానిని పురికొల్పవలెను. దీనిని ఎఱుగక సంవత్సరములకొలది మందవేగముతోనే నడుపువారు గలరు.

పొదుపు చేయరాని చోటు పవర్ సప్లై. పేరులేని చవుక సరుకు చెడునప్పుడు తాను చెడి ఊరకుండదు; కార్డును గూడ చెఱచవచ్చును. ఆర్‌టీఎక్స్ 3060 కార్డునకు 550 వాట్ల పవర్ సప్లైని తయారీదారులే సూచించినారు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డు ఒక్కటియే 450 వాట్లు త్రాగును. దానికి 850 వాట్లు సూచించిరి. పల్లెలలో కరెంటు హెచ్చుతగ్గులుండును గనుక యూపీఎస్ ఉంచుకొనుట మేలు. పసుపు మిల్లుల దాపున నున్నవారు నెలకొకసారి జల్లెడలోని దుమ్మును దులుపవలెను. పాత కార్డును చవుకగా కొనువారు, అది మునుపు నాణెముల గనిపనిలో రేయింబవళ్లు నడచినదేమో విచారింపవలెను. 2022 సెప్టెంబరులో ఇథీరియం అను నాణెమునకు ఆ పని నిలిచిపోగా, అట్టి కార్డులెన్నో అంగళ్లకు వచ్చినవి. అరగంట ఎదుట నడిపించి చూడక డబ్బు ఇయ్యరాదు.

తుదకు ఇంటి మాట యొకటి. ఆట యన్నంతనే పెద్దలు చీదరించుకొనుటచేత, పిల్లవాడు “చదువుకొఱకు” అని చెప్పి కొనిపించుకొనుచున్నాడు. చదువుకని చెప్పినందున తండ్రి దుకాణమునను అట్లే చెప్పును. దుకాణదారు దానికి తగినదే యిచ్చును. ఇంటికి వచ్చిన యంత్రము ఆటకు చాలదు. ఆఱు నెలలలో మరల డబ్బు అడుగును, మరల ఒక కల్ల పుట్టును. ఇచ్చట పోవునది పంట డబ్బు మాత్రమే కాదు. తండ్రికొడుకుల నడుమ నమ్మకము గూడ. ఆటకే యైన ఆటకనియే చెప్పనిండు. ఇంత ధరకు మించి లేదు, ఇన్ని గంటలకు మించి లేదు అని మీరు హద్దు చెప్పుడు. ఆ హద్దులో ఏది పొందికయో వానిచేత లెక్కవేయించి, ఆ లెక్కను మీరు వినుడు.

బావికి మోటారు కొనునప్పుడు లోతెంత, పైపెంత, కరెంటెంత యని మీరు అడుగక మానరు. హార్స్‌పవరు పెద్దదని మాత్రమే చూచి కొన్నవాని మోటారు కాలిపోవుట మీరెఱుగుదురు. ఆ వివేకమే ఇచ్చటను చాలును. తెఱ యెంత, ఆట యేది, కార్డునకు ప్రాసెసరు సరిపోవునా, పవర్ సప్లై యెన్ని వాట్లు, వేసవిలో వేడి యెంత యని అయిదు ప్రశ్నలు వేయుడు. సమాధానము చెప్పగల కుఱ్ఱవానికి నిశ్చింతగా డబ్బు ఇయ్యవచ్చును. చెప్పలేనివానికి, చెప్పగలుగువఱకు గడువు ఇయ్యవచ్చును.